పంతొమ్మిది నిమిషాల పోశవ్వ

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకల్లా నాలుగు రివ్యూలు వచ్చేశాయి. గేము విడుదలైంది గురువారం. మొదలుపెట్టి, ఏ పక్కకీ చూడకుండా, గుర్రం దిగకుండా ఆడినా అది పూర్తవడానికి పద్నాలుగు గంటలు పడుతుంది. మరి ఈ మహానుభావులు ఎప్పుడు ఆడారు, ఎప్పుడు తిన్నారు, ఎప్పుడు రాశారు? అనఘకి ఒళ్లు మండిపోయింది. మండడం ఎందుకంటే సమాధానం ఆమెకి తెలుసు. వాళ్లు ఆడలేదు. చూశారు.

నిర్మాత జానకిరామయ్య అలవాటు అది. ఏడు సినిమాలు తీసిన మనిషి. గేము కూడా సినిమాలాగే విడుదల చేయాలనుకున్నాడు. జూబ్లీహిల్స్‌లోని తన ఆఫీసు బంగళా కింది అంతస్తులో పాత ప్రివ్యూ థియేటర్ ఉంది. గురువారం పొద్దున సినిమా వెబ్‌సైట్ల వాళ్లని అక్కడికి పిలిచి, సమోసాలు పెట్టించి, ఆఫీసు పిల్లలు ముందు కూర్చుని గేము ఆడుతుంటే వాళ్లకి తెర మీద మూడు గంటలు చూపించాడు. వద్దు సార్, గేముని అలా చూపించరు, ఎవరింట్లో వాళ్లు ఆడాలి అని అనఘ మొత్తుకుంది. తొలి ప్రివ్యూ లేకుండా ఏ పనీ చేయలేదమ్మా నేను, అన్నాడాయన.

ఆ వెబ్‌సైట్ల దగ్గర ఒక అచ్చు ఉంటుంది. కథ, నటీనటులు, ప్లస్ పాయింట్లు, మైనస్ పాయింట్లు, సాంకేతిక విభాగం, చివర ఐదుకి ఎంత అనే అంకె. గేముని కూడా అందులోనే పోశారు. 'ఫస్టాఫ్ పరుగులు పెడుతుంది. సెకండాఫ్‌లో ముసలమ్మ ఎపిసోడ్ దగ్గర ల్యాగ్ మొదలై సహనాన్ని పరీక్షిస్తుంది. గుర్రం గ్రాఫిక్స్ బాగున్నాయి. ఓసారి ఆడొచ్చు. రెండుంపావు.' మిగతా మూడూ దాని అన్నదమ్ములే. ఫస్టాఫ్ ఎక్కడ ఆగిందో, ఇంటర్వెల్ ఎక్కడ పడిందో అనఘకి అర్థం కాలేదు. కథ రాసింది తనే.

అసలు గేము పేరు 'దక్కన్ సవారి'. ఆటగాడు అందులో వెనకటి కాలపు తపాలా సవారు. గుర్రం మీద ఉత్తరాల సంచి వేసుకుని ఊళ్లు తిరుగుతాడు. ఫలానా దారినే పోవాలని ఎవరూ చెప్పరు. కొండెక్కాలనుంటే ఎక్కొచ్చు, గుర్రాన్ని మేపుకుంటూ పూటంతా కూర్చోవాలనుంటే కూర్చోవచ్చు. గచ్చిబౌలి వైపు అద్దాల మేడలు లేచి, చుట్టాల పిల్లలందరూ సాఫ్ట్‌వేర్ సాఫ్ట్‌వేర్ అంటుంటే జానకిరామయ్య కూడా ఆగలేక, ఇరవైమంది కుర్రకారుని పెట్టుకుని రెండేళ్ల కిందట దాన్ని తెచ్చాడు. అందరూ లోకం బాగుంది, కథే లేదన్నారు. కథ లేదని ఆయన్ని అంతకుముందూ అన్నారు గాని అవి సినిమాలు, రెండు వారాలకి జనం మర్చిపోయారు. గేముని మర్చిపోలేదు. రోజూ ఎవరో ఒకరు కొత్తగా కొనడం, కొత్తగా తిట్టడం. అది పడలేక, అదే గేముకి జోడింపుగా ఒక పెద్ద కథ చేయిద్దామని అనఘని పిలిపించాడు. ఆ జోడింపే 'మంజీర ఆవల'.

అనఘ అప్పటికి ఆరేళ్లుగా ఫిల్మ్‌నగర్‌లో కథా చర్చల గదుల్లో మగ్గుతోంది. పదకొండు సినిమాలకి సీన్లు రాసింది. తెర మీద ఆమె పేరు ఒక్కసారే పడింది, అదీ 'కృతజ్ఞతలు' కింద, ఒక హోటల్ పేరుకీ జనరేటర్ వ్యాన్ల వాళ్లకీ మధ్య. 'మంజీర ఆవల' మొదలవగానే నల్లటి తెర మీద మొదట వచ్చే అక్షరాలు: కథ, మాటలు, అనఘ. ఆ అక్షరాల కోసమే ఏడాదిన్నర పాటు వెంగళరావు నగర్ నుంచి రోజూ స్కూటీ మీద వచ్చి, పొద్దస్తమానం కూర్చుని రాసింది. అయితే ఆ పద్నాలుగు గంటల్లో ఆమె ప్రాణం ఎక్కడుందంటే, ఆ పేరులో లేదు, పోశవ్వ నడిచే పంతొమ్మిది నిమిషాల్లో ఉంది.

కథలో పోశవ్వ అనే ముసలామె మంజీర రేవుకి చేరాలి. మోకాళ్లు సహకరించవు, గుర్రం ఎక్కలేదు. సవారు కిందికి దిగి, కళ్లెం పట్టుకుని ఆమె పక్కన నడవాలి. ఏ బటన్ నొక్కినా పోశవ్వ వేగం పెరగదు. రాయి కనిపిస్తే కూర్చుంటుంది, మళ్లీ లేస్తుంది. నడుస్తూ కూతురి గురించి చెబుతుంది. ఏటి అవతలి ఊరికి ఇచ్చిన పిల్ల. ఎడమ కనుబొమ్మ మీద కాలిన మచ్చ. కోపమొస్తే అన్నం మానేసే అలవాటు. ఆరేళ్లయింది, కబురు లేదు. రేవు దగ్గర పోశవ్వ ఆగిపోయి, ఇగ నువ్వు పో బిడ్డా అంటుంది. అంతే. దొంగలు రారు, కత్తులు దూయరు. చాలా గంటల తర్వాత, కథ చివర, వరదలో మునిగిన ఊళ్లో సవారుకి ఒక ఆడమనిషి ఎదురవుతుంది. ఎడమ కనుబొమ్మ మీద మచ్చ. సవారు ఏమీ మాట్లాడడు. ఇన్నాళ్లూ పెంచుకున్న గుర్రం కళ్లెం ఆమె చేతికిచ్చి, సంచి భుజాన వేసుకుని నడిచి వెళ్లిపోతాడు. ఆమె తల్లి దగ్గరికి చేరాలంటే ఆ గుర్రం కావాలి. కథ అక్కడ అయిపోతుంది.

పోశవ్వకి గొంతు ఇచ్చింది అనసూయమ్మ. ఫిల్మ్‌నగర్ బస్తీలో రెండు గదుల ఇల్లు. ముప్ఫై రెండేళ్లుగా డబ్బింగ్ చెబుతోంది. ఎందరో తల్లుల తరఫున ఏడ్చింది, అత్తల తరఫున తిట్టింది, పెళ్లి సీన్లలో గుంపు తరఫున గుసగుసలాడింది. ఏ సినిమాలోనూ ఆమె పేరు లేదు. సిద్దిపేట పక్క మనిషి. నోరు తెరిస్తే వచ్చే ఇంటి మాటని మైకు ముందు ముప్ఫై రెండేళ్లు లోపలే నొక్కిపెట్టి, తెర మీది పెదవులు కదిలినప్పుడు కదిలి, ఆగినప్పుడు ఆగి, వాళ్లకి కావలసిన భాషలో చెప్పింది.

రికార్డింగ్ రోజు ఆమె మైకు ముందు నిలబడి అటూ ఇటూ చూసింది.

"తెర ఏది బిడ్డా? ముఖం సూడకుంట ఎట్ల చెప్పాలె?"

"ముఖం ఇంకా లేదమ్మా. ముందు మీరు చెప్పండి. మీ గొంతుని బట్టి తర్వాత ముఖం కదిలిస్తారు. మీ ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడండి," అంది అనఘ.

అనసూయమ్మ హెడ్‌ఫోన్ తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. "ఇన్నేండ్ల సంది నేను వాళ్ల మూతులెంబడి ఉరికిన. గిప్పుడు మూతే నా ఎంబడొస్తదా?" అని నవ్వింది. నవ్వి ఊరుకోలేదు. అనఘ రాసిన మాటల్లో సగం మార్చేసింది. గిట్ల ఎవ్వరు మాట్లాడరు, అంది. బిడ్డను యాది చేసుకుంట నడిచేటోళ్లు గింత జల్ది మాట్లాడరు, అంది. రాతలో పదకొండు నిమిషాలున్న నడక ఆమె నోట పంతొమ్మిది నిమిషాలైంది. అద్దం వెనక కూర్చున్న అనఘ ఒక్కసారి కూడా ఆపమనలేదు. గేము వచ్చాక పెద్ద తెర మీద చూపిస్తానని, మీ పేరు తప్పకుండా పడుతుందని ఆ రోజు మాటిచ్చింది.

ఇప్పుడు నాలుగు రివ్యూలూ వేలెట్టి చూపించింది ఆ పంతొమ్మిది నిమిషాలనే.

"అక్కా, సార్ పైకి రమ్మంటున్నరు," అంటూ మనోజ వచ్చింది. హైటెక్ సిటీలో మంచి కొలువు వదిలేసి ఈ గేము కోసం వచ్చిన పిల్ల. కంప్యూటర్ పని చేసే ఇరవైమందికీ పెద్ద. ఆమె ముఖం చూస్తేనే సంగతి బాగాలేదని తెలిసిపోయింది.

పై గదిలో గోడ నిండా వందరోజుల షీల్డులు. జానకిరామయ్య రివ్యూలని కాగితాల మీద తీయించి, ఎర్ర పెన్సిల్‌తో గీతలు గీసుకుని కూర్చున్నాడు.

"కూర్చో అమ్మాయ్. ఏం దిగులుపడకు. టాక్ మరీ తీసిపారేసినట్టేం లేదు. ల్యాగ్ ఒక్కటే. సోమవారానికి ఆ ముసలావిడ నడిచేదంతా లేపేశామనుకో, నిలబడిపోతుంది."

"లేపేయడమేంటి సార్? ఇది సినిమా కాదు."

"కథ ఉంది కదా. కథున్న ప్రతిదీ సినిమానే."

"సినిమా అయితే అందరూ ఒకేసారి కూర్చుని చూస్తారు. ఇది కొన్నవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో తీరుగా ఆడతారు. నిన్న కొన్నవాళ్లు ఇంకా పోశవ్వ దాకా వచ్చి కూడా ఉండరు. వాళ్లలో ఒక్కరైనా బాగాలేదన్నారా?"

"రాసినవాళ్లు అన్నారు కదా."

"వాళ్లు చూశారు సార్. కళ్లెం చేతిలో పట్టుకున్నవాడికి ఆ నడక ఒకలా ఉంటుంది, కుర్చీలో కూర్చుని సమోసా తింటూ ఎవరో నడుస్తుంటే చూసేవాడికి ఒకలా ఉంటుంది. నాకే విసుగొచ్చింది ఆ రోజు."

"చూశావా, నీకే విసుగొచ్చింది," అన్నాడు జానకిరామయ్య, చాలా ప్రేమగా.

అనఘకి గోడకేసి తల బాదుకోవాలనిపించింది. ఆయన దుర్మార్గుడైతే బాగుండును, తిట్టి పోవచ్చు. ఆయన దుర్మార్గుడు కాదు. భోజనం చేశావా అని అడిగాకే పని మాట్లాడతాడు. గోడ మీది షీల్డులు చూపిస్తూ చెప్పాడు: నాలుగో సినిమాకి మార్నింగ్ షో తానే వెళ్లి వెనక వరసలో కూర్చున్నాడట. తల్లి సెంటిమెంట్ రాగానే జనం సిగరెట్లకి లేచి బయటికి పోతున్నారట. ఫస్ట్ షోకల్లా ఆ సీన్లు కత్తిరించేశాడట. వందరోజులు ఆడిందట. ఆ అనుభవం ముందు అనఘ మాట ఏం నిలుస్తుంది?

"సార్," అంది మనోజ, "గిది తీస్తే క్లైమాక్స్ కూలుతది. ఆ మచ్చున్నామె ఎవరో ఆడేటోనికి తెల్వదు. ఎవలో ఏందో తెల్వకుంట గుర్రం ఇచ్చి పోయినట్టుంటది."

"దానికో వాయిస్ ఓవర్ వేద్దాం. సవారుకి గొంతిచ్చిన మన హీరోగారితోనే చెప్పిద్దాం. రెండు ముక్కల్లో విషయం చెప్పేస్తే సరి."

అనఘ ఆఖరి ప్రయత్నం చేసింది. గేముల మీద రాసేవాళ్లలో రష్మి అని ఒకామె ఉంది. ఆమె బాగుందంటే దేశమంతా కొంటారు. ప్రివ్యూకి రానంది, గేముని ఇంటికి తెప్పించుకుంది, ఆడడానికి పది రోజులు పడుతుందని మెయిల్ పెట్టింది. ఆ ఒక్క రివ్యూ వచ్చేదాకా ఆగండి సార్, అని బతిమాలింది.

"పది రోజులా?" జానకిరామయ్య నిజంగా జాలిపడ్డాడు. "పది రోజుల్లో మనం థియేటర్లలోంచే వెళ్లిపోతాం కదమ్మా."

ఏ థియేటర్లు అని అడిగే ఓపిక అనఘకి లేకపోయింది.

శనివారమంతా ఆ వాయిస్ ఓవర్ రాయడంతోనే పోయింది. రాయనని చెప్పి లేచిపోవచ్చు. పోతే హీరోగారి మనుషులు రాస్తారు, అందులో ఒక పంచ్ కూడా పెడతారు. ఆ భయంతో కూర్చుంది. కూర్చున్నందుకు తన మీద తనకే అసహ్యమేసింది. పంతొమ్మిది నిమిషాల మనిషిని రెండు వాక్యాల్లోకి కుక్కడానికి ఎనిమిది గంటలు పట్టింది. 'పోశవ్వను రేవు చేర్చాను. కనుబొమ్మ మీద మచ్చున్న కూతురు కనిపిస్తే పంపమని దారి పొడుగునా చెప్పింది.' ఆదివారం హీరోగారు షూటింగ్ మధ్యలో ఐదు నిమిషాలు వచ్చి చెప్పి వెళ్లాడు. రెండో వాక్యం పొడుగైంది, ఊపు పోతోంది అంటూ దాన్ని వదిలేశాడు. మొదటిది మిగిలింది.

సోమవారం పొద్దున అప్‌డేట్ వెళ్లిపోయింది. అప్పటిదాకా కొన్నవాళ్ల దగ్గర కూడా అది దానంతటదే మారిపోతుంది, సినిమా అయితే పాత ప్రింటు ఏదో ఒక ఊళ్లోనైనా మిగిలేది. చివర వచ్చే పేర్ల జాబితాలోంచి అనసూయమ్మ పేరు కూడా తీసేద్దామా అని ఎవరో అన్నారు. అనఘ ఇంతెత్తున లేచింది. సరేలే, పేరే కదా, ఉండనీ అన్నాడు జానకిరామయ్య. మొత్తం యుద్ధంలో ఆమె గెలిచింది అదొక్కటే. మనిషి లేదు, పేరుంది.

ఆ వారంలో అనసూయమ్మ మూడుసార్లు ఫోన్ చేసింది.

"నాది ఎప్పుడు సూపిస్తవు బిడ్డా? మా గల్లీల అందరికి చెప్పిన. పెద్ద తెర మీద అన్నవు గద."

ఈ వారం పని ఎక్కువుందమ్మా అంది అనఘ మొదటిసారి. తెర రిపేరులో ఉందంది రెండోసారి. మూడోసారి ఫోన్ ఎత్తలేదు. రోజూ చెప్పాలనుకుంటుంది, బస్తీ మలుపు దాకా స్కూటీ తిప్పుతుంది, రేపు చెబుదాంలే అని జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ వైపు తిరిగిపోతుంది. అప్‌డేట్ తర్వాత కొత్తగా ఆడినవాళ్లు రాస్తున్నవి కూడా చదవడం మానేసింది. 'చివర్లో ఆ గుర్రం ఎవరికి ఇచ్చాడు, ఎందుకిచ్చాడు?' అని అందరిదీ ఒకటే ప్రశ్న. 'రచయిత్రికి కూడా తెలియదనుకుంటా' అని ఎవరో సరదాపడ్డారు.

విడుదలైన పది రోజులకి, ఆదివారం, రష్మి రివ్యూ వచ్చింది. మెట్రో స్తంభాల కింద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఫోన్ మోగింది. అనఘ బండి పక్కకి లాగి, హెల్మెట్‌తోనే చదివింది.

'మొదటి నాలుగు నిమిషాలు నేను విసుక్కున్నాను. బటన్ నొక్కీ నొక్కీ వేలు నొప్పెట్టింది. తర్వాత ఎప్పుడో నా వేళ్లు ఆమె నడకకి అలవాటుపడ్డాయి. చివర కళ్లెం అప్పగించింది గేము కాదు, నేను. పోశవ్వది అనసూయమ్మ అనే ఆమె గొంతు. ఇన్నేళ్లు ఈ గొంతు ఎక్కడుందో నాకు తెలియదు. ఈ పంతొమ్మిది నిమిషాల కోసం ఈ గేము కొనండి.' పదికి తొమ్మిది ఇచ్చింది. ఆమె ఆడింది మొదటి రోజు పంపిన కాపీ, రివ్యూల కోసమిచ్చే ఆ కాపీకి అప్‌డేట్లు పడవు.

అనఘ రోడ్డు పక్కన నిలబడి ఏడ్చింది. సంతోషంతో ఏడ్చి, ఏడుపు మధ్యలో కోపం వచ్చి, ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక స్కూటీని ఒక్క తన్ను తన్నింది. కాలు నొప్పెట్టింది. సాయంత్రానికల్లా ఆ రివ్యూ చదివి వేలమంది కొన్నారు. కొని, ముసలమ్మ కోసం వెతికారు. ఊళ్లన్నీ తిరిగారు, రేవంతా గాలించారు. ఆ అంతులేని దక్కన్‌లో కొండలున్నాయి, చెరువులున్నాయి, పోశవ్వ లేదు. రష్మి అబద్ధం రాసిందన్నారు. మొదటి నాలుగు రోజుల్లో ఆ నడక దాకా వచ్చిన కొద్దిమంది మేం చూశామన్నా ఎవరూ వినలేదు. డబ్బు తీసుకుని రాసిందన్నారు. ఆడకుండానే రాసిందని, ఆడకుండా రాసిన వెబ్‌సైటే ఒకటి, ముసలమ్మ దగ్గర ల్యాగ్ అన్నది తానేనని మరిచి, రాసింది.

సోమవారం రష్మి నుంచి మెయిల్ వచ్చింది. 'ఆ నడక ఉండేదని మీరు ఒక్క మాట బయటికి చెప్పగలరా?' అని అడిగింది. అంతకుమించి ఏమీ లేదు. అనఘ దాన్ని పట్టుకుని పై గదికి పరుగెత్తింది.

జానకిరామయ్య అప్పటికే పోస్టర్ వేయించేశాడు. నల్లటి గుర్రం, దాని పైన తొమ్మిది అంకె, కింద 'ఈ గొంతు ఎక్కడుందో నాకు తెలియదు' అన్న వాక్యం.

"సార్, ఆవిడ మెచ్చుకున్న సీను ఇప్పుడు గేములో లేదు."

"లేదని మనకి తెలుసు. పేరైతే వచ్చింది కదా. బుధవారం సక్సెస్ మీట్ పెడుతున్నాను. ఆ అనసూయమ్మ గారిని స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పుదాం. పాపం, పెద్దావిడ."

"శాలువా ఎందుకు సార్? నడకని వెనక్కి పెట్టండి. తీసేశామని చెప్పండి. ఆ రష్మిగారిని జనం దొంగ అంటున్నారు."

"ఇంత మంచి టాక్ వస్తుంటే ఇప్పుడు ట్రిమ్ అన్న మాట ఎందుకమ్మా?" అని, మనోజ వైపు తిరిగాడు. "వెనక్కి పెట్టాలంటే ఎన్నాళ్లు?"

"తీసుడంటే చిన్న మార్పని వెంటనే ఒప్పుకున్నరు సార్, పెట్టాలంటే మళ్ల మొత్తం టెస్టింగ్ చెయ్యాలె. గేము మెషీన్ల కంపెనీ వాళ్లు మళ్ల చూసి ఒప్పుకోవాలె. మూడు వారాలు పడ్తది."

"మూడు వారాలకి ఎవరు గుర్తుపెట్టుకుంటారు?" అన్నాడాయన. ఆ మాటతో ఆ విషయం అయిపోయింది. రష్మికి జవాబు ఆఫీసు తరఫునే వెళ్లాలి, ఎవరూ సొంతంగా ఏమీ రాయకూడదు అని కూడా చెప్పాడు. అనఘ కిందికి వచ్చి జవాబు టైపు చేసింది. చదివింది. కొట్టేసింది. ఆరేళ్ల తర్వాత తెర మీద పడిన పేరు, రేపు ఇంకో కథ ఎవరిస్తారు అన్న భయం, రెండూ కలిసి ఆమె వేలు పట్టుకున్నాయి. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఆమెకి చాలా కష్టమైంది.

సక్సెస్ మీట్ బుధవారం నాలుగింటికి, ఫిల్మ్‌నగర్‌లో ఒక హాల్లో. అనసూయమ్మ మూడింటికే వచ్చి మొదటి వరసలో కూర్చుంది. ముదురు ఆకుపచ్చ పట్టుచీర, మడతలు ఇంకా పోలేదు, కలరా ఉండల వాసన. అనఘని చూడగానే చేయి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఫోన్ ఎత్తకపోతివి, ఏమైందో అనుకున్న. గిందుకేనా? తెర గింత పెద్దగ సూపిద్దామనేనా?"

"అమ్మా, మీతో ఒక మాట చెప్పాలి."

"తర్వాత చెప్దువు. అగో, నన్నే పిలుస్తున్నరు."

యాంకర్ ఆమె పేరుని రెండుసార్లు, గట్టిగా, ప్రతి అక్షరం విడిగా పలికింది. జానకిరామయ్య స్వయంగా మెట్ల దాకా వచ్చి చేయి అందించాడు. జరీ అంచు శాలువా కప్పి, వంగి నమస్కారం పెట్టాడు. ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. ఫొటోలు తీశారు. మాట్లాడమని మైకు ఇస్తే అనసూయమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుని, "నాకు మైకు కొత్తకాదు, గీ జనం కొత్త," అంది. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆమె శాలువా జారకుండా గుండె దగ్గర పట్టుకుని, జాగ్రత్తగా మెట్లు దిగి వచ్చి కూర్చుంది. హాల్లో లైట్లు ఆరిపోయాయి.

తెర మీద ఐదు నిమిషాల ముక్క వేశారు. గుర్రం దూకింది. కొండలు తిరిగాయి. హీరోగారి గొంతు వినిపించింది: పోశవ్వను రేవు చేర్చాను. వెంటనే వరద, మునిగిన ఊరు, మచ్చున్న ఆడమనిషి. సవారు కళ్లెం ఆమె చేతిలో పెట్టి నడిచి వెళ్లిపోయాడు. వెనక వరసల్లో విలేకరులెవరో, గుర్రం ఉద్దెర ఇచ్చిండా అని నవ్వారు. మళ్లీ గుర్రం, మళ్లీ కొండలు, పెద్ద సంగీతం, తొమ్మిది అంకె. తర్వాత పేర్లు వచ్చాయి. పోశవ్వ, అనసూయమ్మ అని పడింది, పైకి జరిగిపోయింది.

లైట్లు వెలిగాయి. అనసూయమ్మ ఇంకా తెర వైపే చూస్తోంది.

"నాది ఎప్పుడొస్తది బిడ్డా?"

ఇంకో అబద్ధం నోటి దాకా వచ్చింది. అది పలకడానికి అనఘకి నోరు రాలేదు.

"రాదమ్మా. అది తీసేశాం. బాగా నెమ్మదిగా ఉందని అన్నారు. దాని బదులు హీరోగారు చెప్పిన ఆ ఒక్క మాట నేనే రాశాను."

అనసూయమ్మ తెర మీంచి చూపు ఆమె వైపు తిప్పింది. ఆ ముఖం మీద కోపం వస్తుందేమోనని అనఘ ఎదురుచూసింది, వస్తే బాగుండునని కూడా అనుకుంది. స్టేజీ మీద యాంకర్ తర్వాతి పేరు పిలుస్తోంది. కథ, మాటలు అందించిన అనఘగారు అని పిలుస్తోంది. జానకిరామయ్య నవ్వుతూ చేయి ఊపుతున్నాడు.

అనసూయమ్మ ఆమె వైపు వంగి, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"మరి గీ శాలువ వాపసియ్యాల్నా?"

జవాబు కోసం ఆగలేదు. శాలువాని భుజాల మీంచి తీసి, అంచుకి అంచు కలిపి, వచ్చిన మడతల్లోనే మళ్లీ మడతపెట్టడం మొదలుపెట్టింది.